కడుపునొప్పి వెనుక ఉన్న మాటను వినే మనిషి ప్రతి బడిలో ఉండాలి

2025 జూలై 25న సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు వెలువరించింది. విశాఖపట్నంలో వసతిగృహంలో ఉంటూ, వైద్యవిద్య ప్రవేశపరీక్షకు శిక్షణ పొందుతూ, 2023 జూలైలో మరణించిన పదిహేడేళ్ళ బాలిక తండ్రి చేసుకున్న అప్పీలు అది. జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం ఆ కేసు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. అంతటితో ఆగక, దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ 15 మార్గదర్శకాలు జారీ చేసింది. తగిన చట్టం వచ్చేవరకు వీటిని పాటించి తీరవలసిందే.

ఆ మార్గదర్శకాలలో కొన్నింటిని ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోవాలి. వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ కనీసం ఒకరు ఉండాలి. అంతకంటె చిన్న సంస్థలు బయటి నిపుణులతో సంబంధం ఏర్పరచుకోవాలి. మార్కులను బట్టి పిల్లలను వేరు వేరు బ్యాచీలుగా విడదీయరాదు. నలుగురిలో అవమానించరాదు. సహాయవాణి నంబర్లను అందరికీ కనిపించేటట్లు ప్రదర్శించాలి. బోధన సిబ్బందికీ, ఇతర సిబ్బందికీ ఏడాదికి కనీసం రెండుసార్లు మానసిక ఆరోగ్యంపై శిక్షణ ఇవ్వాలి. ఇది కార్పొరేట్ కోచింగ్ కేంద్రాల కోసం ఇచ్చిన తీర్పు అని చాలామంది అనుకుంటున్నారు. అది పొరపాటు. పాఠశాలలు, కళాశాలలు, విశ్వవిద్యాలయాలు, వసతిగృహాలు అన్నీ దీని పరిధిలోనివే. ఇచ్ఛాపురం ఉన్నత పాఠశాలకు, సాలూరు ఆశ్రమ పాఠశాలకు కూడా ఇది వర్తిస్తుంది.

ఈ తీర్పును నేను మనసారా స్వాగతిస్తున్నాను. అయితే ఒక హెచ్చరిక కూడా చేయదలచుకున్నాను. "ఒక కౌన్సెలర్‌ను నియమించాం, బాధ్యత తీరింది" అనుకుంటే మన శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల పిల్లలకు ఒరిగేది స్వల్పం. మూడు వందల మంది చదివే బడిలో, వారానికి ఒకరోజు వచ్చి గదిలో కూర్చునే అపరిచితుని దగ్గరకు పధ్నాలుగేళ్ళ పిల్ల తనంతట తానుగా వెళ్ళి మనసు విప్పదు. పిల్ల ముందు నోరు విప్పేది తనను పేరు పెట్టి పిలిచే మనిషి దగ్గరే. అందుచేత నా వాదన ఇది: కౌన్సెలర్ కంటె ముందు, ప్రతి విద్యార్థికీ బడిలో తనను బాగా ఎరిగిన పెద్దమనిషి ఒకరు ఉండాలి. ఆ ఏర్పాటుకు కొత్త ఉద్యోగాలు అవసరం లేదు. కొంత సమయం, కొంత క్రమశిక్షణ చాలు.

రోగం పేరు కడుపునొప్పి

ప్రభుత్వ వైద్యునిగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలోనూ, ఏరియా ఆసుపత్రులలోనూ పనిచేసిన నాకు, బడి ఈడు పిల్లలలో ఎక్కువగా వినిపించిన ఫిర్యాదులు మూడు: కడుపునొప్పి, తలనొప్పి, నీరసం. ఇవి నిజమైన వ్యాధుల వల్ల రావచ్చు. నులిపురుగులు, రక్తహీనత, చూపు లోపం, ఋతుస్రావ సమయంలో నొప్పి, మూత్రనాళ ఇన్ఫెక్షన్ మన దగ్గర సర్వసాధారణం. వీటిని పరీక్షించి తేల్చకుండా "మనసుకు సంబంధించినది" అని ముద్ర వేయడం వైద్యం కాదు.

కానీ పరీక్షలన్నీ సరిగ్గా ఉన్నా తగ్గని నొప్పి ఒకటి ఉంది. బ్రిటన్‌లో జాన్ ఆప్లీ అనే పిల్లల వైద్యుడు 1958లో వెయ్యిమంది బడిపిల్లలను పరిశీలించి, దాదాపు పదిమందిలో ఒకరికి మళ్ళీ మళ్ళీ వచ్చే కడుపునొప్పి ఉన్నదనీ, అధిక శాతం పిల్లలలో దానికి శరీరంలో చెప్పుకోదగిన వ్యాధి కనిపించలేదనీ చూపించారు. నొప్పి బొడ్డుకు ఎంత దూరంగా ఉంటే అంతగా శారీరక వ్యాధిని అనుమానించాలని ఆయన చెప్పిన సూత్రాన్ని వైద్య విద్యార్థులకు ఇప్పటికీ చెబుతుంటారు. బొడ్డు చుట్టూ ఉండే నొప్పి, బడి ఉన్న ఉదయాలలో వచ్చి సెలవు రోజున రాని నొప్పి, రాత్రి నిద్రలో లేపని నొప్పి: ఇవి కనిపిస్తే పిల్ల మనసులో ఏదో భారం ఉన్నదేమో విచారించాలి. బరువు తగ్గడం, జ్వరం, వాంతులు, మలంలో రక్తం, కళ్ళు పచ్చబడడం, నిద్రలో లేపే నొప్పి ఉంటే మాత్రం ఆలస్యం చేయక వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళాలి.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. మనసు భారంతో వచ్చే నొప్పి నటన కాదు. పేగులకూ మెదడుకూ నాడీ సంబంధం ఉంది. భయపడినప్పుడు పేగుల కదలిక మారుతుంది, నొప్పిని గుర్తించే తీరు మారుతుంది. పిల్ల నిజంగానే నొప్పి అనుభవిస్తుంది. "బడి ఎగ్గొట్టడానికి వేషాలు" అని తిట్టిన ప్రతిసారీ ఆ నొప్పి పెరుగుతుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. తొమ్మిదో తరగతి చదివే బాలికను ఆమె నాయనమ్మ నా దగ్గరకు తీసుకువచ్చింది. తల్లిదండ్రులు హైదరాబాదులో భవన నిర్మాణ పనులకు వెళ్ళారు. "గుంట బడికెల్లనంటంది బాబూ. పొద్దున్న లేగిస్తే సాలు, కడుపునొప్పంటది. ఆదోరం మాత్రం ఉండదు" అన్నది ముసలమ్మ. అంతకుముందే రెండు స్కానింగులు అయ్యాయి, రెండూ బాగానే ఉన్నాయి. నర్సమ్మను తోడుంచి, నాయనమ్మను బయట కూర్చోబెట్టి, "బడిలో ఏమి కష్టమమ్మా?" అని అడిగాను. చాలాసేపు పలకలేదు. తరువాత తెలిసినది ఇది: బడిలో బాలికల మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదు. నెలసరి రోజులలో ఒకసారి దుస్తులకు మరక అయితే కొందరు నవ్వారు. ఆనాటి నుంచి ఆమె బడిలో నీళ్ళు తాగడం మానేసింది, ఆ తరువాత బడికి వెళ్ళడమే మానేయసాగింది. ప్రధానోపాధ్యాయునికి ఒక చీటీ పంపాను. ఆయన సహృదయుడు, రెండు రోజులలో గడియ పెట్టించారు. తెలుగు పండితురాలిని ఆ పిల్లతో మాట్లాడమన్నారు. పిల్ల బడికి వెళ్ళింది.

రెండు స్కానింగులకు ఆ కుటుంబం పెట్టిన ఖర్చుతో ఆ బడిలోని తలుపులన్నింటికీ గడియలు వచ్చేవి. ఆ పిల్ల చెప్పిన సంగతి వినడానికి వైద్యపట్టా అవసరం లేదు. బడిలోనే ఎవరో ఒకరు అడిగి ఉంటే సరిపోయేది.

మన పిల్లలు ఇంటి నుంచి మోసుకొచ్చే బరువు

ప్రతి ప్రాంతానికీ దాని కష్టాలు ఉంటాయి. మన ప్రాంతపు కష్టాలు మన తరగతి గదులలో కూర్చుని ఉంటాయి.

మొదటిది వలస. హైదరాబాదు, విజయవాడ, చెన్నై, విశాఖలకు తల్లిదండ్రులు పనులకు వెళితే పిల్లలు తాతయ్య, నాయనమ్మల దగ్గర పెరుగుతారు. తీరంలోని మత్స్యకార కుటుంబాల మగవారు గుజరాత్‌లోని వెరావల్ వరకు వేటకు వెళ్ళి నెలల తరబడి తిరిగిరారు. 2018 నవంబరులో అలా వెళ్ళి పాకిస్తాన్ చెరలో చిక్కుకున్న మన జాలర్లు 2020 జనవరిలో గానీ ఇంటి ముఖం చూడలేదు. పత్రికలు చెరలో ఉన్న తండ్రుల గురించి రాశాయి. ఆ పధ్నాలుగు నెలలూ బడికి వెళ్ళివచ్చిన బిడ్డల సంగతి ఏ రిజిస్టరులోనూ లేదు.

రెండవది ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, పలాస, ఇచ్ఛాపురం ప్రాంతాలలో మూత్రపిండాల వ్యాధి లేని వీధి అరుదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి, ఎంతో మేలు. కానీ వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్ళే తండ్రికి తోడు వెళ్ళేది తరచు పదో తరగతి కొడుకే. తరగతిలో అతడు నిద్రపోతే బద్ధకస్తుడంటాం. "నాకూ ఈ జబ్బు వస్తుందా?" అన్న ప్రశ్న ఆ పిల్లవాడి మనసులో ఉంటుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పేవారు కావాలి.

మూడవది మన్యం. సవర, జాతాపు, కొండదొర, గదబ తదితర తెగల పిల్లలు చిన్న వయసులోనే ఇల్లు వదిలి ఆశ్రమ పాఠశాలలకు వస్తారు. కొందరికి ఇంటి భాష వేరు, బడి భాష వేరు. నొప్పి ఎక్కడ అని అడిగితే జవాబు చెప్పలేని పిల్లను మొండిపిల్ల అనుకుంటారు.

నాలుగవది బాల్యవివాహం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ళ యువతులలో పదిమందికి దాదాపు ముగ్గురికి పద్దెనిమిదేళ్ళు నిండక ముందే పెళ్ళి అయింది. విజయనగరంలో గురజాడ 'కన్యాశుల్కం' మొదటి కూర్పు 1892లో ప్రదర్శన చూసింది. శతాబ్దం దాటి మూడు దశాబ్దాలు గడిచాక కూడా ఈ మాట రాయవలసి రావడం బాధాకరం. పెళ్ళి నిశ్చయమైన పిల్ల బడిలో ముందుగా చేసేది స్నేహితురాళ్ళతో మాట్లాడడం మానేయడం, రెండవది గైర్హాజరు. గమనించే కన్ను ఉంటే ఆ పెళ్ళిని ఆపడానికి సమయం దొరుకుతుంది.

వైద్యంలో నాడి, ఉష్ణోగ్రత చూసినట్లే బడిలో హాజరు చూడాలి. వరుసగా మూడు రోజులు రాని పిల్లవాడు బడికి సంబంధించినంతవరకు జ్వరం వచ్చిన రోగితో సమానం. కారణం తెలిసేవరకు వదలకూడదు.

శరీర రోగానికి కూడా ఇదే మందు

ఇదంతా మనసు సంగతేనని అనుకోవద్దు. 2025 సెప్టెంబరు, అక్టోబరు నెలలలో కురుపాం గిరిజన బాలికల గురుకులంలో పచ్చకామెర్లు ప్రబలాయి. వందమందికి పైగా బాలికలు అనారోగ్యం పాలయ్యారు, ఇద్దరు మరణించారు. అక్కడ ఏ లోపం జరిగిందో తేల్చడం విచారణాధికారుల పని. నేను చెప్పదలచినది ప్రతి వసతిగృహానికీ వర్తించే వైద్యసత్యం.

కలుషితమైన నీటి వల్ల, ఆహారం వల్ల వచ్చే హెపటైటిస్-ఎ క్రిమి శరీరంలో ప్రవేశించిన రెండు నుంచి ఏడు వారాల తరువాత లక్షణాలు చూపుతుంది. కళ్ళు పచ్చబడడానికి కొన్ని రోజుల ముందే జ్వరం, వికారం, నీరసం, అన్నహితవు లేకపోవడం మొదలవుతాయి. అంటే "నాకు అన్నం వద్దు మేడమ్" అన్న మాటే మొదటి లక్షణం. వసతిగృహంలో ఎవరు అన్నం తినలేదో ప్రతి రాత్రి రాసుకుంటే, ఒకే వారంలో అలాంటివారు ఐదుగురు కనబడినప్పుడు కామెర్లు బయటపడక ముందే నీటిని పరీక్షించవచ్చు, పిల్లలను ఆసుపత్రికి పంపవచ్చు. దీనికి కావలసినది ఒక నోటుపుస్తకం, ఆ పిల్లల ముఖాలు తెలిసిన ఒక మనిషి. ఆశ్రమ పాఠశాలలలో, గురుకులాలలో రాత్రింబవళ్ళు అందుబాటులో ఒక ఏఎన్ఎమ్ ఉండాలన్నది నా దృఢాభిప్రాయం.

కాగితం మీద ఏమి ఉన్నది?

మన దేశంలో నియమాలకు కొదవ లేదు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో శారీరక దండననూ, మానసిక వేధింపునూ నిషేధించింది. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, బిడ్డపై లైంగిక నేరం జరిగినట్లు తెలిసిన ఎవరైనా పోలీసులకు తెలియజేయాలి. దాచిపెట్టడం శిక్షార్హం. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్యబృందాలు బడులకు వచ్చి పిల్లలను పరీక్షిస్తున్నాయి. 2014 నుంచి కిశోర స్వాస్థ్య కార్యక్రమం నడుస్తున్నది. ఆయుష్మాన్ భారత్‌లో భాగంగా 2020 ఫిబ్రవరిలో పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ప్రారంభమైంది. దాని ప్రకారం ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులు ఆరోగ్య రాయబారులుగా శిక్షణ పొంది, విద్యార్థులతో క్రమం తప్పకుండా మాట్లాడాలి. 2022 అక్టోబరు 10 నుంచి టెలి మానస్ సహాయవాణి 14416 పనిచేస్తున్నది. అందులో తెలుగులో మాట్లాడవచ్చు, రుసుము లేదు. పిల్లల కోసం 1098 ఉండనే ఉంది.

మరి లోపం ఎక్కడ? ఉపాధ్యాయులను తప్పుపట్టడం సులభం, కానీ న్యాయం కాదు. వారి సమయం యాప్‌లకు, ఫొటోలకు, నివేదికలకు పోతున్నది. పాఠం పూర్తి చేయడానికే గంటలు చాలడం లేదు. పిల్లవాడితో పది నిమిషాలు మాట్లాడడం ఎవరి విధుల జాబితాలోనూ లేదు. లెక్కలోకి రాని పని క్రమంగా ఆగిపోతుంది.

లెక్కలోకి వచ్చిన పని ఎలా జరుగుతుందో చూడండి. పదో తరగతి ఫలితాలలో పార్వతీపురం మన్యం జిల్లా 2023, 2024, 2025 సంవత్సరాలలో వరుసగా రాష్ట్రంలో ప్రథమ స్థానం పొందింది. 2025లో రాష్ట్ర ఉత్తీర్ణత 81.14 శాతం కాగా మన్యం జిల్లాది 93.90 శాతం. కొండవాలు గ్రామాల పిల్లలు సాధించిన ఈ విజయానికి ఎవరైనా తలవంచి నమస్కరించాలి. వెనుకబడిన పిల్లలను ఉపాధ్యాయులకు పంచి, 'దత్తత' ఇచ్చి, వారి చదువును ఆ ఉపాధ్యాయునికే బాధ్యతగా అప్పగించే పద్ధతి మన బడులలో ఉన్నదే. అదే పద్ధతిని పదో తరగతి నుంచి ఆరో తరగతికి తీసుకురండి. మార్కుల నుంచి మనిషికి విస్తరించండి. నేను కోరుతున్నది ఇంతే.

ఇతరులు ఏమి చేస్తున్నారు?

బ్రిటన్‌లోని ఉన్నత పాఠశాలలలో ప్రతి విద్యార్థికీ ఒక ట్యూటర్ ఉంటారు. హాజరు పిలిచేదీ, ఇంటికి ఫోను చేసేదీ, పిల్లవాడు నలిగిన ముఖంతో వస్తే అడిగేదీ ఆయనే. ఆయనపై ఆ తరగతి సంవత్సరమంతటికీ బాధ్యత వహించే మరొక ఉపాధ్యాయుడు ఉంటారు. జపాన్‌లో తరగతి ఉపాధ్యాయుడు విద్యా సంవత్సరం ఆరంభంలో పిల్లల ఇళ్ళకు వెళ్ళివచ్చే సంప్రదాయం ఉంది. అంతేకాదు, అక్కడి బడులలో ఆరోగ్య గది ఉంటుంది, దానిని చూసుకోవడానికి 'యోగో' ఉపాధ్యాయిని ఉంటారు. కడుపునొప్పి అంటూ వచ్చిన పిల్లను కూర్చోబెట్టి, జ్వరం చూసి, మాటలలో అసలు సంగతి తెలుసుకోవడం ఆమె పని. బడికి రావడానికి భయపడే పిల్లలు కొందరు ముందు ఆ గది దాకా వచ్చి, క్రమంగా తరగతికి చేరతారు.

దూరదేశాల మాట అటుంచితే, మన గడ్డ మీదే ఆదర్శం ఉంది. 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయునిగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులు, సవరలకు చదువు చెప్పాలంటే ముందు తాను సవర భాష నేర్చుకోవాలని భావించారు. నేర్చుకున్నారు. వారి కోసం సొంత ఖర్చుతో బడులు పెట్టించారు, సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు సమకూర్చారు. ఆ కొండలలో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైన్ వల్ల ఆయనకు చెముడు వచ్చిందంటారు. క్వినైన్ చెవిపై చూపే ప్రభావం వైద్యులకు తెలిసినదే. పిల్లల మాట వినడానికి వెళ్ళి తన వినికిడినే పోగొట్టుకున్న గురువు మనకు ఉన్నారు. ఆయన పుట్టినరోజున దండలు వేసే మనం, ఆయన చేసిన పనిలో నూరోవంతు చేసినా చాలు.

ఏమి చేయాలి?

నా సూచనలు ఆచరణసాధ్యమైనవి. ఒక బడిలో మూడు వందల మంది విద్యార్థులు, పదిహేనుమంది ఉపాధ్యాయులు ఉన్నారనుకుందాం. ఒక్కొక్కరికి ఇరవైమంది వస్తారు.

1. ఆ ఇరవైమందికి ఆ ఉపాధ్యాయుడే ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు 'ఇంటి మాష్టారు'. బదిలీ అయితే తన నోటుపుస్తకాన్ని తరువాత వచ్చేవారికి అప్పగించాలి.

2. వారానికి ఒక పీరియడ్ ఈ పనికే కేటాయించాలి. ఆ గంటలో పాఠం లేదు, పరీక్ష లేదు. ఆ మేరకు ఒక యాప్, ఒక నివేదిక తగ్గించే బాధ్యత అధికారులది.

3. ప్రతి పిల్లకూ ఒక పేజీ. హాజరు, భోజనం, స్నేహితులు, ఇంటి పరిస్థితి, ఆరోగ్యం అన్న ఐదు అంశాలు చాలు. ఆ పుస్తకం బీరువాలో తాళం వేసి ఉండాలి. స్టాఫ్ రూమ్‌లో కబుర్లకు అది వస్తువు కారాదు.

4. ఏడాదికి ఒకసారి ఇంటికి వెళ్ళాలి. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా జరిగిన మెగా తల్లిదండ్రుల సమావేశం మంచిదే. కానీ సభలో మైకు ముందు చెప్పలేని మాట అరుగు మీద కూర్చుని చెబుతారు.

5. ఎవరికి చెప్పాలో గోడమీద రాసి ఉండాలి. జ్వరం, నీరసం, చూపు లోపం అయితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. రెండు వారాలకు మించి దిగులు, నిద్రలేమి, చదువుపై విరక్తి ఉంటే కౌన్సెలర్, ఆపైన ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోని మానసిక వైద్యులు. రాత్రివేళ అయితే 14416.

6. పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజున ప్రతి ఉపాధ్యాయుడు తన పిల్లలకు ఫోను చేయాలి. తప్పినవారికి ముందు చేయాలి. "సప్లిమెంటరీ ఉంది నాన్నా, నేను చెబుతాను, రేపు బడికి రా" అన్న ఒక్క మాట ఆ సాయంత్రం ఏ మందూ చేయలేని పని చేస్తుంది. వేసవి సెలవులలో తరగతి ఉండదు. ఆ పిల్లవాడు ఒంటరిగా ఉండేది అప్పుడే.

రహస్యం గురించి ఒక మాట

పిల్ల చెప్పినది గోప్యంగా ఉంచాలి. కానీ మూడు సంగతులను ఏ ఉపాధ్యాయుడూ తనలో దాచుకోకూడదు: చనిపోవాలనిపిస్తున్నదన్న మాట, లైంగిక వేధింపు, ప్రాణానికో భవిష్యత్తుకో ముప్పు తెచ్చే హింస లేదా బాల్యవివాహం. "ఇది ఎవరికీ చెప్పనని మాట ఇవ్వలేను తల్లీ. నీకు సాయం చేయగలిగినవారికి మాత్రమే చెబుతాను" అని ముందే నిజాయితీగా చెప్పాలి.

"చనిపోవాలనిపిస్తున్నదా అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లు కాదా?" అని చాలామంది సందేహిస్తారు. కాదు. అలా అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి. ఎవరైనా అడిగినందుకు ఊపిరి పీల్చుకునేవారే ఎక్కువ. అలాంటి పిల్లను ఒంటరిగా వదలకుండా, తల్లిదండ్రులకు తెలిపి, అదే రోజున వైద్యసహాయం అందించాలి.

ఒక్కొక్కసారి పిల్లను బాధించే మనిషి బడిలోనే ఉండవచ్చు, ఇంట్లోనే ఉండవచ్చు. అందుకే ఇంటి మాష్టారు ఒక్కరే దారి కాకూడదు. ఆడపిల్లలు తమకు నచ్చిన ఉపాధ్యాయినిని ఎంచుకునే వీలు ఉండాలి. 1098 నంబరు మరుగుదొడ్డి వరండాలో కూడా కనిపించాలి. ఫిర్యాదుల పెట్టె తాళంచెవి బడి బయటి బాధ్యురాలి దగ్గర ఉండాలి.

"మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా?"

నా వయసువారు తప్పక అడిగే ప్రశ్న ఇది. "మేము బెత్తం దెబ్బలు తిన్నాం, చదువుకున్నాం, బాగుపడ్డాం" అంటారు. బాగుపడినవారమే ఈ మాట అంటున్నాం. దెబ్బలకు భయపడి ఐదో తరగతితో పలక పక్కన పెట్టి, పశువుల వెంట వెళ్ళిన నా సహాధ్యాయులు వ్యాసాలు రాయరు. వారి సాక్ష్యం ఎవరూ అడగలేదు. పైగా ఆ రోజులలో ఊరంతా ఒకే బడి, మాష్టారిది మా వీధి. ఆయనకు మా ఇంటి పొయ్యి వెలిగినదో లేదో తెలిసేది. ఈనాడు మాష్టారు ముప్పై కిలోమీటర్ల దూరం నుంచి బస్సులో వస్తారు, సాయంత్రం బస్సు అందుకోవాలి. ఇది ఎవరి తప్పూ కాదు. అప్పుడు సహజంగా దొరికినది ఇప్పుడు ఏర్పాటు చేసుకోవాలి.

మరొక అభ్యంతరం: "ఉపాధ్యాయుడు వైద్యుడు కాదు కదా?" నిజమే, కానక్కరలేదు. ఊరిలో ఆశా కార్యకర్త క్షయకు మందు రాయదు. రెండు వారాల దగ్గు ఎవరికి ఉన్నదో గమనించి, కఫం పరీక్షకు పంపుతుంది. ఆ ఒక్క పని వల్ల ఎన్నో ప్రాణాలు నిలిచాయి. గమనించడం, వినడం, సరైన చోటికి పంపడం: ఉపాధ్యాయుని నుంచి అడుగుతున్నది ఈ మూడే. పెద్దవయసులో కనిపించే మానసిక రుగ్మతలలో దాదాపు సగం పద్దెనిమిదేళ్ళ లోపే మొదలవుతాయి. అంటే వాటి మొదటి అడుగు పడేది మన కళ్ళ ముందు, బడి వరండాలోనే.

సుప్రీంకోర్టు చెప్పిన కౌన్సెలర్ల నియామకం జరగాలి, త్వరగా జరగాలి. ఆ కౌన్సెలర్ దగ్గరకు పిల్లను చేయిపట్టుకుని తీసుకువెళ్ళేవారు ఎవరన్నది అంతకంటె ముందు తేలాలి. ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఎదురుచూడనక్కరలేదు. ఒక ప్రధానోపాధ్యాయుడు వచ్చే సోమవారం తన హాజరు పట్టీని ఇరవై ఇరవైగా విభజించి ఉపాధ్యాయులకు పంచితే చాలు, పని మొదలైనట్లే.

తల్లిదండ్రులకు నా విన్నపం. ఈసారి బడికి వెళ్ళినప్పుడు "మా వాడికి ఎన్ని మార్కులు వచ్చాయండీ?" అన్న ప్రశ్నతో పాటు మరొకటి అడగండి: "ఈ బడిలో మా వాడిని బాగా ఎరిగిన మాష్టారు ఎవరండీ?" ఒక పేరు చెబితే వారికి నమస్కరించి, మీ ఫోను నంబరు ఇచ్చి రండి. పేరు చెప్పలేకపోతే, చెప్పేవరకు మర్యాదగా అడుగుతూనే ఉండండి.